తలంబ్రాల మీద గీతలు: క్యామ్‌కార్డర్ ఫుటేజ్ ఎడిటింగ్

పెళ్లి వీడియోను కంప్యూటర్‌లో తలంబ్రాల దగ్గర ఆపి చూడండి. జారుతున్న బియ్యపు గింజలు దువ్వెన పళ్లలా చీలి ఉంటాయి, పెళ్లికూతురి మణికట్టు అంచూ అంతే. వెనకున్న మండపం మాత్రం శుభ్రంగా ఉంటుంది. క్యామ్‌కార్డర్ పాడైందేమోనని చాలామంది కంగారు పడతారు. పాడు కాలేదు, అది ఇంటర్‌లేస్డ్ రికార్డింగ్. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి ప్రకటించిన ఏవీసీహెచ్‌డీ ఫార్మాట్‌లో మన దగ్గరి క్యామ్‌కార్డర్లు ఎక్కువగా 1080ఐ50లో తీసేవి. అంటే సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు. ఒక గీత విడిచి ఒక గీత ముందు క్షణానిది, మిగతావి సెకనులో యాభయ్యో వంతు తర్వాతవి. ఆలోపు గింజ జారిపోతుంది. కదలని మండపం జారదు కాబట్టి అక్కడ గీతల్లేవు.

ఈ ఫీల్డుల సంగతి తేల్చుకోకుండా మొదటి కట్ కూడా వేయకూడదు. 1080ఐ క్లిప్పును అలాగే 720కి కుదిస్తే పై గీతలూ కింది గీతలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆ తర్వాత ఏ ఫిల్టరూ వాటిని విడదీయలేదు.

ముందు కార్డు. స్ట్రీమ్ ఫోల్డర్‌లోంచి ఎంటీఎస్ అనే వీడియో ఫైళ్లను మాత్రమే లాగేయకండి. కార్డులో ఉన్నది ఉన్నట్టుగా, ప్రైవేట్ ఫోల్డర్‌తో సహా, కార్డుకో ఫోల్డర్ పెట్టి కాపీ చేయాలి. పెద్ద షాట్లను క్యామ్‌కార్డర్ 2 లేదా 4 జీబీ దగ్గర ముక్కలు చేస్తుంది. ఏ ముక్క తర్వాత ఏది అన్న సమాచారం పక్క ఫోల్డర్లలోని చిన్న ఫైళ్లలో ఉంటుంది. అవి లేకపోతే ముక్కలు కలిసే చోట మంత్రం మధ్యలో శబ్దం తెగుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో అయితే మామూలు ఇంపోర్ట్ కాకుండా మీడియా బ్రౌజర్ నుంచి తీసుకుంటే ముక్కలన్నీ ఒకే క్లిప్పుగా వస్తాయి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే సాధారణంగా డాల్బీ ఏసీ-3 ఆడియో దగ్గరే చిక్కు. దాన్ని పీసీఎం అనే కుదించని ఆడియోకి మార్చుకుంటే సరిపోతుంది.

తర్వాత ఒక్కో క్యామ్‌కార్డర్ నుంచి ఒక ఫైలును దాని వివరాలు చూపించే మీడియాఇన్ఫో ప్రోగ్రాంలో తెరిచి చూడండి. స్కాన్ టైప్ దగ్గర ఇంటర్‌లేస్డ్ అనో ఎంబాఫ్ (MBAFF, అదీ ఇంటర్‌లేస్డ్ రకమే) అనో, స్కాన్ ఆర్డర్ దగ్గర టాప్ ఫీల్డ్ ఫస్ట్ (పై గీతల ఫీల్డు ముందు) అనో ఉంటుంది. కానీ అది చెప్పిందని నమ్మేయకూడదు. కెనాన్‌లో పీఎఫ్25 మోడ్‌లో తీసిన ఫైలు మీద ఇంటర్‌లేస్డ్ ముద్ర ఉన్నా లోపలి బొమ్మ ప్రోగ్రెసివ్, అంటే గీతలన్నీ ఒకే క్షణానివి. చెయ్యి ఊపుతున్న ఫ్రేము దగ్గర ఆపి చూస్తే గీతలుండవు. దాన్ని డీఇంటర్‌లేస్ చేస్తే, అంటే ఫీల్డులను విడదీసి పూర్తి ఫ్రేములుగా మారిస్తే, అనవసరంగా పదును పోతుంది. ఆ క్లిప్పును ప్రోగ్రెసివ్‌గా చదవమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి. మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తే అది 1440×1080 ఫుటేజ్. 1080ఐలో తీసిన హెచ్‌డీవీ టేపులన్నీ ఇంతే. పిక్సెల్ ఆస్పెక్ట్ (పిక్సెల్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 1.333 అని పెట్టగానే కుదురుకుంటుంది.

కట్ చేసేటప్పుడు టైమ్‌లైన్ 1080ఐ50, అప్పర్ ఫీల్డ్ ఫస్ట్ (టాప్ ఫీల్డ్ ఫస్ట్ అన్నా ఇదే) ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. జూమ్ చేయాల్సిన షాట్లనూ స్లోమోషన్ షాట్లనూ మాత్రం ముందే విడిగా డీఇంటర్‌లేస్ చేసుకోవాలి. మెషీన్ ఈడుస్తుంటే ప్రాక్సీలు (ఎడిటింగ్ వరకు వాడే తేలికైన నకళ్లు) చేసుకోండి. ఏవీసీహెచ్‌డీ వాడే హెచ్.264 కంప్రెషన్‌లో చాలా ఫ్రేములు చుట్టుపక్కల ఫ్రేముల మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి వెనక్కి లాగినప్పుడల్లా ప్రాసెసర్ ఆ గుంపునంతా విప్పాలి. ఫుటేజ్ మొత్తాన్నీ ప్రోరెస్ 422 అనే ఎడిటింగ్ ఫార్మాట్‌కి మార్చే పద్ధతీ ఉంది గానీ, 24 మెగాబిట్ల దగ్గర గంటకు దాదాపు 11 జీబీ ఉండేది 55 జీబీ అవుతుంది. రెండు రోజుల పెళ్లికి అంత డిస్కు దండగ. అందుకే కట్ పూర్తయ్యాక ఒకే ఒక ఇంటర్‌లేస్డ్ ప్రోరెస్ మాస్టర్ తీసుకుని, డీఇంటర్‌లేసింగ్ దానిమీద ఒక్కసారే చేయాలి.

ఆ ఒక్కసారీ 50పీకే, అంటే సెకనుకు 50 పూర్తి ఫ్రేములకే, చేయండి. ఒక్కో ఫీల్డు ఒక్కో ఫ్రేముగా మారి, గింజలు గింజల్లాగే జారతాయి. 25పీకి మారిస్తే సగం కదలిక పోతుంది, రెండు ఫీల్డులను కలిపేసే బ్లెండ్ పద్ధతిలో ప్రతి చేతికీ నీడ చెయ్యి మొలుస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంలో బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ ఏ సెట్టింగూ మార్చకపోయినా ఫీల్డుకో ఫ్రేము ఇస్తుంది. యాడిఫ్ ఫిల్టర్ మాత్రం మోడ్ 1 అని చెబితేనే ఇస్తుంది, లేకపోతే 25 ఫ్రేములే. యూట్యూబ్ 1080పీ50ని నేరుగా తీసుకుంటుంది. బ్లూరేకి వెళ్లే కాపీని మాత్రం డీఇంటర్‌లేస్ చేయకుండా 1080ఐగానే వదిలేయాలి.

రంగుల్లో ఎక్కువగా నష్టపోయేది తెల్ల పంచెలు, పట్టుచీర జరీ. 8 బిట్ వీడియో కొలతల్లో తెలుపు హద్దు 235 అయినా, చాలా క్యామ్‌కార్డర్లు దాన్ని దాటి 255 దాకా రికార్డు చేస్తాయి. ప్రివ్యూలో పంచె తెల్లటి మచ్చలా ఉన్నా, వెలుగును గ్రాఫ్‌గా చూపే వేవ్‌ఫామ్‌లో 100 (అంటే ఆ 235) పైన దాని మడతలు ఇంకా ఉండవచ్చు. మిగతా ఎఫెక్టులన్నిటికంటే ముందు, 32 బిట్‌లో పనిచేసే ఎఫెక్టుతో హైలైట్లను 100 లోపలికి దించండి. మొదట 8 బిట్ ఎఫెక్టు పడితే మడతలు అక్కడే తెగిపోతాయి, తర్వాత ఎంత దించినా బూడిదరంగు గుడ్డే మిగులుతుంది.

అమెరికా నుంచి వచ్చిన బంధువుల క్యామ్‌కార్డర్ ఫుటేజ్ అయితే అది 60ఐ. మన ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, ఆ కెమెరా 60 ఫీల్డులు తీస్తుంది. ఈ రెండింటికీ లెక్క కుదరక గోడలు అదురుతున్నట్టు వస్తాయి. తీసేటప్పుడే షట్టర్ 1/100 పెట్టించాలి, ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు. ఆ క్లిప్పులను ముందు 59.94పీకి డీఇంటర్‌లేస్ చేసి, తర్వాత విడిగా ఒక 50పీ టైమ్‌లైన్‌లో ఫ్రేమ్ బ్లెండింగ్ ఆపేసి పెట్టండి. దాదాపు ఆరింట ఒక ఫ్రేము రాలిపోతుంది. కెమెరాను పక్కకు తిప్పిన షాట్లలో ఆ కుదుపు తెలుస్తుంది కాబట్టి, ఆ కెమెరా నుంచి కదలకుండా తీసిన షాట్లే ఏరుకోండి.