సార్ ఒక్కరికే కనిపించిన స్టేటస్‌లు: నా అనుభవం

పలాసలో ఒక జీడిపప్పు కంపెనీలో లెక్కలు చూస్తాను. దసరా ముందు మా ఓనర్ గారికి ఒక ఆలోచన పుట్టింది. పనిచేసేవాళ్లందరూ తమ ఫోన్లలో వాట్సాప్ స్టేటస్‌గా కంపెనీ గురించి పెడితే ప్రకటనల ఖర్చు మిగులుతుంది కదా అని. ఆ పని నా నెత్తిన పడింది. ఇప్పటికి కాస్త దారికొచ్చింది కాబట్టి, మంట పూర్తిగా చల్లారకముందే రాసేస్తున్నాను.

మొదట ఎవరి దగ్గర ఏ ఫోనుందో రాసుకున్నాం. బాయిలింగ్, కటింగ్, పీలింగ్, గ్రేడింగ్, ప్యాకింగ్, ఆఫీసు అన్నీ కలిపి 64 మంది. టచ్ ఫోన్లు 41. అందులో తొమ్మిది ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్కటే. ఈ లెక్క ఒక్క పూటలో అయిపోయింది, మీరూ ముందు ఇదే చెయ్యండి.

తర్వాత పోస్టర్. దీన్ని ఒక ఏజెన్సీకి అప్పజెప్పారు. వాళ్లు పంపినది అడ్డంగా ఉన్న ఫేస్‌బుక్ బొమ్మ, మొత్తం ఇంగ్లీషు. వాట్సాప్ స్టేటస్ నిలువుగా ఉంటుంది, 1080 వెడల్పు, 1920 ఎత్తు. అడ్డం బొమ్మ పెడితే మధ్యలో సన్నటి పట్టీలా కనిపించి పైనా కిందా ఖాళీ మిగులుతుంది. మా పోస్టర్లో ఫోన్ నంబరు చీమంత ఉంది. నిలువుగా చేయించినా అక్షరాలు మధ్యలోనే ఉండాలి. పై భాగాన్ని పెట్టినవాళ్ల పేరు, కింది భాగాన్ని జవాబు రాసే గడి మింగేస్తాయి. డబ్బు తీసుకున్నవాళ్లకి ఆ మాత్రం తెలియదంటే నేను నమ్మను, మన దగ్గర ఎవరు చూస్తారులే అనుకున్నారు, అంతే.

ఇక అసలు కథ. ఓనర్ గారి ఆర్డరు: రోజూ ఉదయం ఎనిమిదికి అందరూ ఆ పోస్టర్ స్టేటస్‌గా పెట్టాలి, స్క్రీన్‌షాట్ గ్రూపులో వెయ్యాలి. వెయ్యనివాళ్ల పేర్లు నేను చదవాలి. మొదటి వారంలోనే 41కి 38 వచ్చాయి. నేను రిజిస్టరులో టిక్కులు పెట్టి నెలాఖరు లెక్క గర్వంగా చూపించాను. ఆర్డర్లు మాత్రం ఒక్కటీ పెరగలేదు. పోస్టర్ బాగోలేదేమోనని మార్చాం. రేటు ఎక్కువేమోనని తగ్గించాం. అయినా అంతే.

ఒకరోజు ప్యాకింగ్ గదిలో అందరూ ఉండగా ఓనర్ గారు అడిగారు, "ఒక్కో స్టేటస్ ఎంతమంది చూస్తున్నారయ్యా?" నా దగ్గర జవాబు లేదు. ఎదురుగా ఉన్న గ్రేడింగ్ అమ్మాయి ఫోను తీసుకుని కింద కన్ను గుర్తు నొక్కాను. ఒకటి. పక్కావిడ ఫోను. అదీ ఒకటే. మూడోది, రెండు. చూసినవాళ్ల పేర్లు తెరిస్తే, ఒకటి ఓనర్ గారిది, రెండోది నాది. ఆరేడు ఫోన్లు చూశాం. ఇద్దరి ఫోన్లలో రీడ్ రిసీట్లు (చూసినట్టు తెలిపే గుర్తులు) ఆపేసి ఉన్నాయి, వాటిలో చూసినవాళ్ల లెక్కే కనిపించదు. తక్కిన అన్నింట్లో ఇదే కథ.

"ఏటమ్మా ఇది?" అన్నాను. ఆ పక్కావిడ తల కూడా ఎత్తకుండా, "మీరే కద బావూ పెట్టమన్నారు. సారికి అగుపడింది కదా" అంది. గదంతా నవ్వు. ఓనర్ గారు నవ్వలేదు, నావైపు చూశారు. నెలాఖరుకి టిక్కుల రిజిస్టరు చూపించినది నేనే కదా మరి.

జరిగిందేంటంటే, వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో స్టేటస్ అని ఉంటుంది. మూడు దారులు: కాంటాక్టులందరికీ, కొందరు తప్ప అందరికీ, కొందరికి మాత్రమే. మూడోది ఎంచుకుని ఓనర్ గారి నంబరుకి టిక్కు పెట్టేస్తే సరి, ఆయన ఒక్కరికే కనిపిస్తుంది. ఆఫీసులో ఒక కుర్రాడు కనిపెట్టి అందరికీ నేర్పాడు. చదువు రాని పీలింగ్ అప్పలకి (మా వైపు అక్కల్ని అలాగే అంటాం) కూడా రెండు నిమిషాల్లో వచ్చేసింది. కంపెనీ పోస్టర్ పెట్టడం నేర్పడానికి నాకు వారం పట్టింది!

స్క్రీన్‌షాట్ అడిగే ప్రతి యజమానికీ ఇదే జరుగుతుంది. పెట్టి, ఫొటో తీసి, వెంటనే తీసేసేవాళ్లు కూడా ఉన్నారు. కొన్నాళ్లు పోస్టుకి పది రూపాయలిచ్చి చూశాం. పది రూపాయలకి స్క్రీన్‌షాట్ వచ్చింది, స్టేటస్ రాలేదు.

అప్పుడు ఓనర్ గారు లేకుండా కూర్చుని, ఎందుకు దాచారని అడిగాను. కోపగించుకోనని ముందే మాటిచ్చాను, లేకపోతే ఎవరూ నోరు విప్పరు. ఒకావిడ కూతురికి సంబంధాలు చూస్తున్నారు, తల్లి జీడి పనికి పోతుందని అటువైపువాళ్లకి తెలియడం ఆవిడకి ఇష్టం లేదు. ఆఫీసు కుర్రాడు ఇంకోచోట ఉద్యోగానికి చూస్తున్నాడు. "ఆరో తారీకు పడాల్సిన జీతం పదహారుకి పడితే మీ పప్పు మంచిదని నేనెలా చెప్పేది?" అని ఇంకొకడు. ఇది నేను ఓనర్ గారికి యథాతథంగా చెప్పాను. ఆ నెల నుంచి జీతాలు ఏడో తారీకు దాటలేదు. ఈ మొత్తం పనిలో నేను చేసిన గట్టి పని ఇదొక్కటే అనుకుంటాను.

కానీ ఎక్కువమంది చెప్పిన కారణం వేరు. "స్టేటస్ పెడితే మా సుట్టాలు ఊరుకుంతారేటి? కంపెనీలో పన్జేస్తన్నావు కద, మాకో కేజీ పంపించీ అంతారు. పంపితే నాకు బొక్క, పంపకపోతే మాట." ఇది నా బుర్రకి ఎప్పుడూ తట్టలేదు. తట్టాక దారి తేలిగ్గానే దొరికింది. ఉద్యోగుల చుట్టాల కోసం వేరే రేటు పట్టీ వేశాం, పావు కేజీ, అర కేజీ, కేజీ, పార్సిల్ చార్జీ విడిగా. అడిగినవాళ్లకి ఆ పట్టీ పంపితే చాలు. డబ్బు నేరుగా కంపెనీకి, సరుకు ఆర్టీసీ కార్గోలో. మధ్యలో ఉద్యోగి జేబు, మొహమాటం రెండూ ఉండవు.

దీంతో ఇంకో సంగతి బయటపడింది. మా పీలింగ్ అప్ప స్టేటస్ చూసేవాళ్లు మా పలాస పక్కన కాశీబుగ్గలో ఉండరు. హైదరాబాద్‌లో, చెన్నైలో, విశాఖలో, గల్ఫ్‌లో ఉంటారు. శ్రీకాకుళం జిల్లాలో చాలా ఇళ్లలో ఎవరో ఒకరు బయట ఉన్నవాళ్లే. వాళ్లకి ఏజెన్సీ పోస్టర్ అక్కర్లేదు, ఊరి సంగతి కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతపు జీడి తోటల్ని కూల్చేసింది. బాయిలింగ్‌లో పనిచేసే ఆయన తర్వాత నాటిన తన చెట్లకి పూత వచ్చిందని ఒక ఫొటో పెట్టాడు, కంపెనీ పేరు చివర్లో ఒక్క ముక్క. ఆ ఒక్కదానికి వచ్చినన్ని జవాబులు నెల రోజుల పోస్టర్లకి రాలేదు.

అందుకని ఇప్పుడు పోస్టర్లు మానేశాం. వారానికి రెండు చిన్న వీడియోలు, పని వేళలోనే, ముప్పై సెకన్ల లోపు. ముఖం చూపించం. ఆడవాళ్లు మొదట వద్దన్నది ముఖం గురించే, "మా ఇంటాయన ఒప్పుకోడు" అని. చేతులు చాలు. బోర్మాలో (పప్పుని వేడిగాలితో ఆరబెట్టే యంత్రం) ఆరిన పప్పు మీది ఎర్ర పొరని చిన్న కత్తి మొనతో ఒలవడం, విరగని పప్పు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు పడటం. రెండో వీడియోకి ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి: అరచేతిలో డబ్ల్యూ 180 పక్కన డబ్ల్యూ 320. ఇవి విరగని పప్పుకి సైజుని బట్టి పెట్టే రకాలు, అంకె పౌనుకి ఎన్ని పప్పులో చెబుతుంది. పౌను అంటే 454 గ్రాములు. 320 రకం పౌనుకి 300 నుంచి 320 పప్పులు తూగుతాయి. అంకె చిన్నదైతే పప్పు పెద్దది, రేటు ఎక్కువ. దుకాణంలో కొనేవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. గ్రేడింగ్ అమ్మాయి కంటితో చూసి చెప్పే పని ఇది, చెప్పడం ఆమెకే వదిలేశాం. ఆ వీడియో ఆమె తన కాంటాక్టులందరికీ కనిపించేలా పెట్టింది. నేను అడగలేదు.

పంపే పద్ధతిలోనూ తప్పులు చేశాం. గ్రూపులో వేసిన వీడియోని వాళ్లు అందరికీ ఫార్వర్డ్ చేస్తే పైన ఆ ముద్ర పడుతుంది, ఒకసారికి ఐదు చాట్లకే వెళుతుంది. చేతులు మారీ మారీ రెండు బాణాల గుర్తు పడితే ఒక్కసారికి ఒక్క చాటే. అందుకని ఎవరి ఫోనుతో వాళ్లే తీసుకోవాలి, లేదా ఫోను నుంచి ఫోనుకి నేరుగా పంపుకోవాలి. స్టేటస్ 24 గంటలే ఉంటుంది, అవతలివాళ్ల ఫోనులో మన నంబరు, మన ఫోనులో వాళ్ల నంబరు సేవ్ అయి ఉంటేనే కనిపిస్తుంది. ఉదయం ఎనిమిది పనికిమాలిన వేళ. ఊరు దాటినవాళ్లు డ్యూటీ దిగి అన్నం తిన్నాక చూస్తారు.

చట్టం సంగతి క్లుప్తంగా. పెట్టేవాళ్లు తాము అక్కడే పనిచేస్తామని చెప్పాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన సూచనల్లో ఉద్యోగ సంబంధం కూడా బయటపెట్టాల్సిన సంబంధమే. "నేను పనిచేసే చోటు" అన్న మూడు ముక్కలు చాలు, మాకు అవే నమ్మకం తెచ్చాయి. ఒక ప్యాకర్ ఉత్సాహంగా "షుగర్ తగ్గుతుంది" అని రాశాడు, వెంటనే తీయించాను. తిండి వస్తువు జబ్బు నయం చేస్తుందని ప్రకటిస్తే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనలు ఊరుకోవు.

గూగుల్ రివ్యూల దగ్గర ఓనర్ గారు ఎవరి మాటా వినలేదు. అందరిచేతా ఆఫీసు వైఫై మీద ఐదు నక్షత్రాలు వేయించారు. సొంత కంపెనీకి ఉద్యోగులు రివ్యూ రాయడం గూగుల్ నియమాలకే విరుద్ధం అని ముందే చెప్పాను. కొద్దిరోజుల్లో చాలావరకు మాయమయ్యాయి. నన్ను మళ్లీ రాయించమన్నారు. రాయించలేదు.

ఇప్పుడు పెట్టేవాళ్లు పదిహేడు మంది, 41 కాదు. సంబంధాలు చూస్తున్న ఆవిడ పెట్టదు, అడగను కూడా. రిజిస్టరు చింపేశాను. ఎవరి చుట్టం ఎంత కొన్నాడో కార్గో బిల్లుల్లో ఉంటుంది, అది చాలు. సోమవారం కటింగ్ వీడియో తీయాలి. ఫోను తుడవడానికి మెత్తటి గుడ్డ పట్టుకెళ్లాలి, జీడి తొక్క నూనె లెన్సుకి అంటితే ఓ పట్టాన వదలదు.