అమ్మ మతిమరుపు, పెద్దమ్మ పప్పుగుత్తి

ఎదురింటివాళ్ల అల్లుడి పేరు అడిగితే మా అమ్మ "అబ్బ, నోట్లోనే ఆడుతోందే" అంటుంది. మొదటి అక్షరం అందిస్తే చాలు, పేరంతా గబుక్కున వచ్చేస్తుంది. అందించకపోయినా మధ్యాహ్నం కూర తరుగుతూ తనే చెప్పేస్తుంది. అయినా పెద్దమ్మని చూశాక అమ్మకి భయం పట్టుకుంది: "నాకూ అదే వస్తుందేమోనే?"

పెద్దమ్మకి అల్జైమర్స్. ఆమె తడబాటు మొదట్నించీ వేరు. పప్పుగుత్తిని "అది... పప్పుది" అనేది. "పప్పుగు..." అని అందించినా అందుకునేది కాదు. కొన్నాళ్లకి దాన్నే గరిటె అనేసి, తప్పన్న అనుమానం కూడా లేకుండా మాట్లాడుకుంటూ పోయేది. వయసు మీదపడితే పేర్లు, అందులోనూ మనుషుల పేర్లు, ఆలస్యంగా తడతాయి. మాటల అర్థాలు మాత్రం పదిలంగానే ఉంటాయి. అల్జైమర్స్‌లో ఆ అర్థాలే కొద్దికొద్దిగా చెరిగిపోతాయి.

డాక్టరు పెద్దమ్మని ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలిగితే అన్ని చెప్పమన్నారు. జన్మంతా పాడి చూసుకున్న మనిషి "ఆవు, గేదె, కుక్క... ఆవు" అని ఆగి నా మొహం చూసింది. పక్కనున్నవాళ్లు అందించకూడదు. నోరు కట్టుకుని కూర్చోవడం నావల్ల కాలేదనిపించింది. 'ప'తో మొదలయ్యే మాటలు మాత్రం ఇంతకన్నా నయంగా చెప్పింది. ఈ జబ్బు మొదట్లో ఎక్కువమందికి ఇలాగే ఉంటుంది. అక్షరాన్ని పట్టుకుని వెతకడం కన్నా అర్థాన్ని పట్టుకుని వెతకడం ముందు దెబ్బతింటుంది.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఈ జబ్బుకి తన పేరే పడిన డాక్టరు అలోయిస్ అల్జైమర్ పరీక్షించిన ఆగస్టె డేటర్ అనే రోగి పెన్ను, తాళంచెవి చూపిస్తే సరిగ్గానే చెప్పింది. కాలీఫ్లవర్ తింటుండగా ఏం తింటున్నావని అడిగితే పాలకూర అంది. అది చదివిన రోజు నాకు ఏడుపు ఆగలేదు.

నాకు కోపం తెప్పించే సంగతి ఇంకొకటుంది. బొమ్మ చూపించి పేరు చెప్పమనే బోస్టన్ నేమింగ్ టెస్ట్‌లో 60 బొమ్మలుంటాయి. వాటిలో మనవైపు కనబడని ఇగ్లూ, బీవర్ అనే జంతువు, ప్రెట్జెల్ అనే చిరుతిండి కూడా ఉన్నాయి. కృష్ణా జిల్లా దాటని మనిషి ప్రెట్జెల్ పేరు చెప్పలేకపోతే అది జబ్బెలా అవుతుంది? మన దేశంలో వైద్య పరిశోధన చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ తెలుగుతో కలిపి ఐదు భాషల్లో ఇలాంటి పరీక్షలు తయారుచేయించింది. మీ పెద్దవాళ్లని తీసుకెళ్లినప్పుడు తెలుగు పరీక్షే కావాలని అడగండి. ఎంతవరకు చదువుకున్నారో, చూపూ వినికిడీ ఎలా ఉన్నాయో ముందే చెప్పండి.

వచ్చే నెల అమ్మని కూడా తీసుకెళ్తున్నాను. ఆమె భయం పోవడానికి నా మాట చాలట్లేదు.