మామిడి సాల్సా: నాలుగో వారం సంగతులు

ఈ ఆదివారం చేసిన సాల్సా (పచ్చి ముక్కలు తరిగి కలిపే మెక్సికన్ పచ్చడి) గిన్నె అడుగున నీళ్లు చేరలేదు. నాకది పెద్ద విషయమే, ఎందుకంటే ముందు మూడు వారాలూ నేను చేసింది సాల్సా కాదు, కొత్తిమీర వేసిన మామిడి పులుసు.

మొదటి వారం ఇక్కడ డాలస్‌లో ఎక్కడ చూసినా కనిపించే టామీ ఆట్కిన్స్ కాయలు తెచ్చా. పైకి ఎర్రగా ఎంత ముద్దొస్తాయో, కోస్తే అంత పీచు. తర్వాత అటాల్ఫోకి మారాను, మెక్సికో నుంచి వచ్చే చిన్న పసుపు కాయ, షాపులో హనీ మ్యాంగో అని రాసి ఉంటుంది. టెంక పల్చన, పీచు దాదాపు లేదు. అయితే రసాల అలవాటుకొద్దీ తొక్క ముడతలు పడేదాకా మాగబెట్టేశా, ముక్క కోస్తుంటేనే గుజ్జయింది. వేలితో నొక్కితే కాస్త లొంగేటప్పుడే కోసేయాలి.

నీళ్లకి అసలు కారణం ఉప్పు. పొద్దున్నే అన్నీ కలిపి ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ణి, ఉప్పు ముక్కల్లోని నీరంతా బయటికి లాగేసేది. ఇప్పుడు తరిగినవన్నీ విడిగా ఉంచి, తినే ముందు 15 నిమిషాలకి కలుపుతున్నా. టమాటా మానేశా.

ఈసారి కొలత: కాయలు 3, ఎర్ర ఉల్లిపాయ సగం, జలపీనో (మెక్సికో రకం లావు పచ్చిమిర్చి) 1, గుప్పెడు కొత్తిమీర, ఒక నిమ్మకాయ రసం, పావు చెంచా ఉప్పు. ఉల్లి తరుగు 10 నిమిషాలు చల్లటి నీళ్లలో వేసి పిండేస్తే పచ్చి ఘాటు పోతుంది.

మూడో వారం జలపీనో బదులు హబనేరో అనే ఇంకా ఘాటైన మిర్చి వేశా. గుంటూరు కారం తిన్నవాళ్లం, ఇదేం లెక్క అనుకున్నా. మిర్చి కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో జలపీనో 2,500 నుంచి 8,000 అయితే ఇది 1,00,000 పైనే! కారమంతా గింజల్ని పట్టుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది, దాన్ని వేలితో గీకి, అదే వేలితో కన్ను నలుపుకున్నా. గంటసేపు ఏడుపే. చేతులకి ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడిగితేగానీ మంట వదల్లేదు. ఇక గ్లోవ్స్ లేకుండా దాని జోలికి పోను.

అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే “పచ్చడికి పోపు పెట్టడం మర్చిపోయావురా” అంది. చిప్స్‌తో తినగా మిగిలింది మర్నాటికి మెత్తబడింది, పెరుగులో కలిపి ఆవాల పోపు వేశా. అన్నంలోకి బాగానే ఉంది.