మేడ గది టేకు నేల: మచ్చలు ఎంతవరకు వదిలాయంటే

పలాస దగ్గర మా ఊరింట్లో మేడ మీద గదికి టేకు బల్లలు పరిచిన నేల ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పెంకులు ఎగిరిపోయి గదంతా వాన పడింది, పాత ఇనప ట్రంకు పెట్టెలు ఆ తడిలోనే చాన్నాళ్ళు ఉండిపోయాయి. ఇప్పుడు వాటిని జరిపితే కింద నల్లగా పెట్టె అచ్చులు. ఇవి కాక దీపం నూనె మరకలు, గ్లాసులు పెట్టిన తెల్ల వలయాలు, కిటికీ కింద పసుపు, ఒక మూల జీడి. సంక్రాంతి వెళ్ళింది, గాలిలో చెమ్మ తగ్గింది, చెక్క త్వరగా ఆరుతుందని ఇప్పుడు మొదలుపెట్టాను.

వడ్రంగిని పిలిస్తే ఒక్క చూపు చూసి "ఏటి బాబూ, మిషనెట్టి గీకించేస్తే ఒక్క పూటలో కొత్త చెక్కలాగయిపోద్ది" అన్నాడు. అవుతుంది, కాదనను. కానీ నల్ల మచ్చ చెక్క లోపలికి దిగి ఉంటుంది, అది పోయేదాకా గీకితే ఆ చోట పల్లం పడుతుంది, మా బల్లలు అసలే అరిగిపోయి మేకుల తలలు పైకి తేలుతున్నాయి. అందుకే మిషన్ వద్దనుకున్నా. మచ్చ దేనివల్ల వచ్చిందో చూసుకుని దానికి తగ్గ మందు వేయడమే.

తెల్ల వలయాలు తేలిక. తెల్లగా ఉందంటే తడి పైనున్న పాలిష్‌లో చిక్కుకుందని, చెక్కదాకా పోలేదని అర్థం. పాత నూలు పంచె ముక్క మడతపెట్టి వేసి, ఇస్త్రీపెట్టె బాగా తక్కువ వేడిలో పెట్టి, కొన్ని క్షణాలు ఆనించి తీసి చూడటం, మళ్ళీ ఆనించడం. చాలావరకు పోయాయి.

నూనె మరకలకి ముల్తానీ మట్టిని టర్పెంటైన్‌లో ముద్దలా కలిపి పట్టించి రాత్రంతా వదిలేశా. పొద్దున్నకి మట్టి ముదురు రంగు తిరిగి ఉంది, అంటే నూనె పీల్చినట్టే. ఒక్కసారికి పోదు, మళ్ళీ పెట్టాలి. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో అగ్గిపుల్ల కూడా వెలిగించొద్దు.

పసుపు దగ్గర మాత్రం సబ్బు, సోడా తేకండి, సున్నం కలిపితే పారాణి అయినట్టే ఎర్రబడుతుంది. పసుపుకి ఎండే విరుగుడు. మధ్యాహ్నం ఆ కిటికీ రెక్కలు బార్లా తీసి వదిలేస్తున్నా, రోజురోజుకీ వెలిసిపోతోంది, నా చెయ్యి పడాల్సిన పనే లేదు.

ఇక అసలు పని, నల్ల మచ్చలు. టేకులో ఉండే టానిన్ అనే వగరు పదార్థానికి తడి ఇనుము తగిలితే నల్లగా మారుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనప ఉప్పు వేసి సిరా చేసేవారు కదా, అదే సంగతి, మా ట్రంకు పెట్టెలు నేల మీద సిరా తయారుచేశాయన్నమాట. అందుకే సబ్బుకి పోదు. దీనికి ఆగ్జాలిక్ యాసిడ్ కావాలి. మొజాయిక్, మార్బుల్ పాలిష్ చేసేవాళ్ళు వాడే తెల్ల పొడే ఇది, హార్డ్‌వేర్ షాపులో దొరికింది. బాత్రూం కడిగే యాసిడ్ వేరు, దాన్ని చెక్క మీద పోయకండి.

ముందు మచ్చ ఉన్న బల్ల మీద పాత పాలిష్ తీసేయాలి, లేకపోతే మందు లోపలికి దిగదు. ప్లాస్టిక్ బకెట్లో లీటరు వేడి నీళ్ళకి వంద గ్రాముల పొడి. ఇనప గిన్నె వాడొద్దు. చేతులకి గ్లవ్స్, కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి, ఇది విషం, పిల్లల్ని మెట్లు ఎక్కనీయకండి. మచ్చ ఉన్నంతమేరే పూస్తే అక్కడ తెల్లగా అచ్చు కనబడుతుంది, కాబట్టి బ్రష్‌తో బల్ల ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పూశా. పూస్తుండగానే నలుపు కాస్తా బూడిద రంగులోకి తిరగడం కళ్ళముందే కనిపిస్తుంది, అది చూస్తే మిగతా బల్లలన్నీ ఆ పూటే పూసేయాలనిపిస్తుంది. ఆరాక తెల్లటి పలుకులు పైకి తేలతాయి. వాటిని పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది, తడి గుడ్డతోనే తుడవాలి. తర్వాత వంట సోడా నీళ్ళు, ఆపైన రెండుసార్లు మామూలు నీళ్ళు. పసుపు ఉన్న బల్ల జోలికి ఈ సోడా నీళ్ళు వెళ్ళకుండా చూసుకున్నా. బ్లీచింగ్ పౌడర్ మాత్రం దీని దగ్గరికి రానీయకండి, యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది.

పెద్ద పెట్టె కింద బల్లలు రెండోసారి పూతకి దాదాపు చెక్క రంగులోకి వచ్చేశాయి. పెట్టె మూలలు ఆనిన చోట చుక్కలు మిగిలాయి, ఇంకోసారి పూస్తా. బాగా ఆరాక 150 నంబరు సాండ్ పేపరుతో, మాస్కు తీయకుండా, చెక్క చారల వెంట చేత్తోనే రుద్దాలి. స్టీల్ ఊల్ అస్సలు వద్దు, దాని రజను చెక్కలో ఇరుక్కుని, తడి తగిలితే మళ్ళీ నల్ల చుక్కలే.

అన్నీ అయ్యాక డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, కాస్త టర్పెంటైన్‌తో పల్చన చేసి పట్టిద్దామనుకుంటున్నా. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, నీళ్ళలో ముంచడమో, ఆరుబయట విడివిడిగా పరచడమో చేయాలి.

జీడి మూల సంగతి తేలలేదు. పూర్వం అక్కడ కూర్చుని పిక్కలు కొట్టేవారట, తొక్కల నూనె ఇంకిపోయి కాఫీ రంగు తిరిగింది. థిన్నర్‌తో పైన ఉన్న జిగురు వదిలింది గానీ రంగు కదల్లేదు. "జీడి పట్టింది పోతుందేటి, ఊరికే చేతులు కాల్చుకోకు" అని అమ్మ ముందే అంది. అక్కడ గీకను, మంచం ఆ మూలకే వేస్తాం.