బాలీషానన్‌కి చుట్టుదారి

డబ్లిన్ నుంచి డోనెగాల్ కౌంటీలోని బాలీషానన్‌కి నేరుగా బస్సుంది. క్యావన్ దాటి ఎన్నిస్కిలెన్ మీదుగా పోతుంది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికల్లా దింపేస్తుంది. నాకు మాత్రం అది పనికిరాదు. ఎన్నిస్కిలెన్ ఉన్నది ఉత్తర ఐర్లాండ్‌లో, అంటే బ్రిటన్ కింద. నా దగ్గరున్న ఐఆర్‌పీ కార్డు, అంటే ఐర్లాండ్‌లో ఉండనిచ్చే అనుమతి, అక్కడ చెల్లదు. మన పాస్‌పోర్టుకి బ్రిటన్ వీసా విడిగా ఉండాలి. పోనీ దారిలో గేటుంటుందా అంటే అదీ లేదు. రోడ్డు పక్క బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్ళైపోతాయి, అంతే తేడా.

"ఎవడూ అడగడురా, కళ్ళు మూసుకుని పడుకో" అన్నాడు రూమ్మేట్. చెప్పడం వాడికి తేలికే. రెండు నెలల్లో రెన్యువల్ ఉన్నది నాకు.

అందుకని కానలీ స్టేషన్‌లో రైలెక్కి మూడు గంటలపైగా కూచుని స్లైగోలో దిగాను. అక్కడి నుంచి బండోరన్ మీదుగా ఇంకో బస్సు. మ్యాప్ తీసి చూడండి: డోనెగాల్ కౌంటీ ఐర్లాండ్ రిపబ్లిక్‌లోనే ఉంది గానీ, మిగతా దేశంతో దాన్ని కలిపేది సముద్రం పక్కనున్న కొన్ని కిలోమీటర్ల సరిహద్దు మాత్రమే. అవతలంతా ఉత్తరమే. ఆ సందులోంచి దూరి వెళ్ళాలి నేను.

ఇంత తిప్పలూ ఐరిష్ రాక్ గిటారిస్టు రోరీ గ్యాలహర్ కోసం. ఆయన బాలీషానన్‌లో పుట్టాడు, 1948 మార్చి 2న. పుట్టిన ఆసుపత్రి పేరు రాక్ హాస్పిటల్, నమ్మండి. ఏటా జూన్ మొదట్లో వచ్చే సెలవు వారాంతానికి అక్కడ ఆయన పేరిట పండగ చేస్తారు. ఆయన పాటలు వాయించే బ్యాండ్లు ఎక్కడెక్కడి నుంచో దిగుతాయి. మూడేళ్ళుగా అనుకుంటూ, 2025లో కదిలాను.

స్లైగో బస్సులో నా పక్కన డెబ్భై దాటిన ఒకావిడ కూచుంది. గళ్ళ చొక్కా వేసుకుంది. రోరీ స్టేజీ మీద వేసుకునేది అలాంటిదే కాబట్టి ఎక్కడికి పోతోందో అడగక్కర్లేదు. కార్క్ నుంచి గాల్వే మీదుగా ముందురోజే బయల్దేరిందట. నేను "గల్లాగర్" అన్నాను. ఆవిడ నవ్వి, "రెండో జీ పలకదు బాబూ, గ్యాలహర్ అనాలి" అంది. ఇరవై ఏళ్ళుగా తప్పు పలుకుతున్నానన్నమాట.

ఆ పలుకు నాకు అంటించింది నాగార్జునసాగర్ హిల్ కాలనీలో మా పక్క క్వార్టర్ అన్నయ్య. ఆయన దగ్గర రోరీ కచేరీల్లో రికార్డు చేసిన 74 నాటి ఐరిష్ టూర్ క్యాసెట్టు ఉండేది. చుట్టూ అందరూ సినిమా పాటలు వింటుంటే, ఆయన వరండాలో కూచుని అదొక్కటే అరిగిపోయేదాకా వేసేవాడు. మొదట్లో నాకది గోలలా ఉండేది. తర్వాత ఆ గోల లేకపోతే సాయంత్రం సాయంత్రంలా ఉండేది కాదు.

బస్సు బెన్‌బుల్బెన్ కొండ పక్కనుంచి పోతోంది. కిటికీ వైపు చూడనిస్తే కదా. పుట్టింది ఎక్కడైతేనేం, రోరీ కార్క్ మనిషే అని ఆవిడ వాదన. చిన్నప్పుడే కుటుంబం డెర్రీకి, అక్కణ్ణుంచి తల్లి మోనికా ఊరు కార్క్‌కి మారింది. రోరీ తన గిటారు కొన్నదీ కార్క్‌లోనే, క్రౌలీ దుకాణంలో, 1963లో, వంద పౌండ్లకి కాస్త తక్కువకి. 1961 నాటి స్ట్రాటోకాస్టర్, సెకండ్ హ్యాండ్. పదిహేనేళ్ళ కుర్రాడికి ఆ రోజుల్లో అది ఎంత అప్పో ఊహించుకో అంది. డబ్లిన్‌లో ఒకసారి దాన్ని ఎవరో ఎత్తుకుపోతే తర్వాత వానకి తడుస్తూ గుంటలో దొరికింది. మిగిలిన రంగు ఆయన చెమటకే పోయింది. ఆ రంగుపోయిన చెక్క 2024 అక్టోబర్‌లో లండన్ వేలంలో ఫీజులతో కలిపి దాదాపు 8,89,000 పౌండ్లు పలికింది. కొన్నవాళ్ళు దాన్ని ఐర్లాండ్ నేషనల్ మ్యూజియానికి ఇచ్చేశారు. "లండన్‌లో ఎవడి గోడకో వేలాడకుండా ఇంటికొచ్చింది" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

రోరీ తమ్ముడు డోనల్ సంగతి కూడా ఆవిడే ఎత్తింది. వ్యాన్ నడిపింది, సామాన్లు మోసింది, తర్వాత మేనేజరై లెక్కలు చూసింది, అన్న పోయాక ఆ పాటల్ని కాపాడుకొచ్చింది అంతా అతనే. రోరీ పెళ్ళి చేసుకోలేదు. "అమ్మా, తమ్ముడూ, గిటారూ, అంతే" అంది. 1995 జూన్ 14న లండన్ ఆసుపత్రిలో లివర్ మార్పిడి తర్వాత ఇన్ఫెక్షన్ సోకి పోయినప్పుడు ఆయనకి 47 ఏళ్ళు. బాలిన్‌కాలిగ్ దగ్గర సెయింట్ ఆలివర్స్ శ్మశానంలో ఉన్న సమాధి రాయి, 1972లో ఆయనకి అంతర్జాతీయ గిటారిస్టుగా వచ్చిన అవార్డు ఆకారంలో, సూర్యకిరణాల్లా ఉంటుందట. "కార్క్ రా, చూపిస్తా" అంది. బండోరన్ దాటాక ఆవిడ నిద్రపోయింది. ఊరొచ్చాక నేనే లేపాను.

బస గురించి ఎక్కువ చెప్పను. రాత్రికి 130 యూరోలు, బాత్రూమ్ బయట, కిటికీ మూసుకోదు. పండగ రోజుల్లో అంతేనట. ఆ డబ్బుకి డబ్లిన్‌లో ఎంత నిద్రపోవచ్చో అనుకుంటూ రాత్రంతా మేలుకున్నాను.

శనివారమంతా వాన. మెయిన్ స్ట్రీట్ నిలువెత్తు ఏటవాలు. పైనుంచి నీళ్ళు, కిందనుంచి గళ్ళ చొక్కాల జనం. జర్మన్లూ ఫ్రెంచివాళ్ళూ, అందరికీ అరవై దాటిన వయసు, అందరికీ మోకాళ్ళ నొప్పులు. 2010లో పెట్టిన కంచు విగ్రహం దగ్గర ఫోటోలకి క్యూ కట్టారు. నేనొక్కడినే హుడీలో ఉన్నాను. మధ్యాహ్నానికి సిగ్గేసి, వీధి దుకాణంలో 35 యూరోలు పోసి గళ్ళ చొక్కా ఒకటి కొన్నాను. ఒక ఉతుక్కే రంగు వెలిసింది. ఏమాటకామాట, అందుకే ఇప్పుడది ఇంకా బాగుంది.

ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన పెద్దాయన తగిలింది చిప్స్ దుకాణం ముందు. నా చొక్కాకి ధర చీటీ వేలాడుతోందని చెప్పడానికి ఆగాడు. ఆ ఐరిష్ టూర్‌లో బెల్‌ఫాస్ట్ ఉల్స్టర్ హాల్ కచేరీకి ఆయన కూడా వెళ్ళాడట, పదహారేళ్ళ వాడు. అంటే మా వరండా క్యాసెట్టులో వినిపించిన ఈలల్లో ఆయనదీ ఒకటయ్యుండొచ్చు! నాకు చిప్స్ మింగుడుపడలేదు కాసేపు.

"అప్పుడు మా ఊరికి ఎవరొచ్చేవాళ్ళు?" అన్నాడు. క్యాథలిక్, ప్రొటెస్టెంట్ గొడవలకి భయపడి పేరున్న బ్యాండ్లన్నీ బెల్‌ఫాస్ట్ తేదీలు కొట్టేసేవి. 1975లో మయామీ షోబ్యాండ్ కుర్రాళ్ళని దొంగ చెక్‌పోస్టు దగ్గర ఆపి ముగ్గుర్ని చంపేశాక, రాత్రి వ్యాన్ వేసుకుని సరిహద్దు దాటాలంటేనే హడల్. రోరీ మాత్రం వస్తూనే ఉన్నాడు. ఆయన పక్కన ఇరవై ఏళ్ళు బేస్ వాయించిన జెర్రీ మెకవాయ్‌ది కూడా బెల్‌ఫాస్టే. "హాల్లో నా ఎడమ పక్క క్యాథలిక్ కుర్రాడో, ప్రొటెస్టెంట్ కుర్రాడో నాకు తెలీదు, వాడి చెమట కంపు మాత్రం గుర్తుంది."

ఆదివారం మధ్యాహ్నం ఆయన కారు ఎర్న్ నది వైపు పెట్టి ఉంటే తోడుగా నడిచాను. అక్కడ కరెంటు డ్యామ్ ఉంది. రోరీ తండ్రి పనికొచ్చింది ఆ ప్రాజెక్టుకే. ఊరికి పేరు తెచ్చిన అస్సారో జలపాతం ఆ కట్టుబడిలోనే మునిగిపోయింది. డ్యామ్ కాలనీలో పుట్టినవాడిని కదా, గోడనీ గేట్లనీ కాస్త ఎక్కువసేపే చూశాను. మా సాగర్ ముందు ఇది పిల్ల కాలవ.

"రా, బెల్‌ఫాస్ట్‌లో దింపుతా" అన్నాడు పెద్దాయన. "ఉల్స్టర్ హాల్ బయట జనవరిలో రోరీ విగ్రహం పెట్టారు. చూసి రాత్రి బస్సుకి డబ్లిన్ పోవచ్చు."

వీసా లేదన్నాను.

"దేనికి?"

"సరిహద్దు దాటడానికి."

ఆయనకి నిజంగా అర్థం కాలేదు. సరిహద్దు అవతలి ఊరు బెలీక్ ఇక్కడికి ఆరేడు కిలోమీటర్లు. పొద్దున పెట్రోల్ కోసం అటు వెళ్ళొచ్చాడట, దాటినట్టు కూడా అనిపించలేదట. "సైనికులు సీట్లు పీకి వెతికిన రోజుల్లో కూడా మేం వచ్చిపోయాం. ఇప్పుడక్కడ ఏమీ లేదు కదయ్యా!" అన్నాడు. లేనిదాన్ని దాటడానికి ఎందుకు భయమో ఆయనకి ఇంగ్లీషులో చెప్పడం నావల్ల కాలేదు. తెలుగులో మాత్రం ఏం చెప్తాను? కార్డు తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, ఫోటో బాగుందన్నాడు.

కారు బెలీక్ రోడ్డెక్కి మలుపు తిరిగింది. జేబులో ఫోన్ కొట్టుకుంది. యునైటెడ్ కింగ్‌డమ్‌కి స్వాగతం, రోమింగ్ చార్జీలు ఇవీ అని మెసేజ్. అవతలి టవరేదో పట్టినట్టుంది. చుట్టూ ఎవరూ లేరు కదా అని ఒకసారి చూసుకుని, ఫోన్ ఆపేసి, వచ్చిన దారినే వెనక్కి నడిచాను.