డెట్రాయిట్ జనం ఎక్కడికి పోయారు?

అమెరికాలో ఉండే మనవాళ్లు "డెట్రాయిట్‌లో ఉంటున్నాం" అంటారు గానీ, అడ్రసు చూస్తే నోవై, ట్రాయ్, కాంటన్, ఫార్మింగ్‌టన్ హిల్స్. ఇవన్నీ శివారు ఊళ్లు, ఇవేవీ డెట్రాయిట్ నగరం కిందికి రావు. ఉద్యోగం చేతికొచ్చి ఇల్లు వెతుక్కునే ముందు ఈ తేడా తెలియాలి. లేకపోతే జనాభా అంకెలు చూసి ఉత్త పుణ్యానికే భయపడతాం.

1950 సెన్సస్‌లో డెట్రాయిట్ నగరంలో 18.5 లక్షల మంది. 2020కి 6.39 లక్షలు. అదే 2020లో చుట్టుపక్కల కౌంటీలతో (మన జిల్లాల్లాంటివి) కలిపిన మెట్రో ప్రాంతంలో దాదాపు 44 లక్షలు. పక్కనున్న ఓక్లండ్ కౌంటీ ఒక్కటే ఆ డెబ్బై ఏళ్లలో 4 లక్షల నుంచి 12.7 లక్షలకు పెరిగింది. అంటే ప్రాంతం ఖాళీ కాలేదు, నగరం ఖాళీ అయింది.

నగరం ఎందుకు ఖాళీ అయింది? కార్ల ఫ్యాక్టరీలకు ఒకే అంతస్తులో విశాలమైన షెడ్లు కావాల్సి వచ్చింది. ఆ స్థలం శివార్లలోనే ఉంది. ఫ్రీవేలు వచ్చి రాకపోకలు సులువయ్యాయి. ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి లోన్లు ఎక్కువగా శివార్లలో తెల్లవాళ్లు కొనే కొత్త ఇళ్లకే దక్కాయి. నల్లవాళ్ల పేటలను బ్యాంకులు పక్కన పెట్టాయి. ఈ అన్యాయాన్ని వదిలేసి డెట్రాయిట్ కథ చెప్పడం సరికాదు. జనం మూడో వంతుకు తగ్గి పన్ను కట్టేవాళ్లు తగ్గినా, 139 చదరపు మైళ్లలో నీళ్ల పైపులు, వీధి దీపాలు, పాత పెన్షన్లు అలాగే ఉన్నాయి. 2013లో నగరం దివాలా పిటిషన్ వేసింది.

అరిజోనాలోని ఫీనిక్స్ నగరానిది దీనికి తలకిందులు. 1950లో 17 చదరపు మైళ్లు, లక్షా ఏడు వేల మంది. ఇప్పుడు 500 చదరపు మైళ్ల పైనే. 2020లో 16 లక్షల మంది. చుట్టూ ఉన్న నేలను కలుపుకుంటూ పోయింది కాబట్టి, ఆ పెరుగుదలలో కొంత సరిహద్దు పెరగడం వల్ల వచ్చిందే. డెట్రాయిట్ సరిహద్దు 1926 తర్వాత పెరగలేదు.

పిల్లలున్నవాళ్లు మొత్తం జనాభాతో సరిపెట్టుకోకూడదు, వయసులు చూడాలి. డాలస్ పక్కన ప్లేనో జనాభా 2010-2020 మధ్య 2.6 లక్షల నుంచి 2.85 లక్షలకు పెరిగింది. అయినా అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) పిల్లలు తగ్గి, నాలుగు స్కూళ్లు మూసేయాలని 2024లో తీర్మానించింది. ఇళ్ల ధరలు పెరిగితే చిన్నపిల్లల కుటుంబాలు ఇంకా అవతలికి పోతాయి. కొనే ముందు ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ ఎన్‌రోల్‌మెంట్ అంకెలు అయిదేళ్లవి చూడండి.

సెన్సస్ బ్యూరో సైట్‌లో నగరం, కౌంటీ, మెట్రో మూడూ విడివిడిగా తీసి పక్కపక్కన పెట్టుకోండి. పదేళ్ల సెన్సస్ ఏప్రిల్ 1 నాటి లెక్క. ఏటా వచ్చే అంచనా జులై 1 నాటిది. కొత్త అంచనా వచ్చినప్పుడల్లా పాత ఏళ్ల అంకెలనూ సవరిస్తారు. అందుకే నిరుటి పట్టికలోని అంకెను ఈ ఏటి పట్టికతో పోల్చకండి, రెండేళ్లూ కొత్త పట్టికలోంచే తీసుకోండి.

హెచ్‌1బీ మీద ఉన్నా, చదువుకుంటున్నా సెన్సస్‌లో మనమూ లెక్కే. చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నలను మాత్రం రాయకూడదు.