వాట్లు పెంచే ముందు మూత అద్దం తుడవండి

చేపల తొట్టెలో మొక్కలు ఎదగట్లేదంటే చాలామంది నేరుగా కొట్టుకెళ్ళి ఎక్కువ వాట్ల లైటు కొనేస్తారు. ఉన్న వెలుగే నీళ్ళదాకా చేరనప్పుడు కొత్తదీ దారిలోనే పోతుంది, కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది.

ముందు మూత అద్దం అడుగువైపు చూడండి. మా బరంపురం వైపు బోరునీళ్ళు పోసే ఇళ్ళలో అక్కడ తెల్లటి పొర కడుతుంది. ఎయిర్ పంపు బుడగ పగిలినప్పుడల్లా ఓ చుక్క ఎగిరి అద్దానికి అంటుకుంటుంది. నీరు ఆరిపోతుంది, సున్నం ఉండిపోతుంది. గోటితో గీరితే గరుకుగా తగులుతుంది గానీ ఊడిరాదు. అద్దాన్ని సగం మాత్రమే శుభ్రం చేసి, లైటు కింద ఒక తెల్లకాగితం మీదుగా పట్టి చూడండి; ఎంత వెలుగు పోతోందో కాగితమే చెప్పేస్తుంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డ పదిహేను నిమిషాలు పరిచి ఉంచి, రుద్ది, మామూలు నీళ్ళతో బాగా కడగాలి. నిమ్మచెక్క కూడా పనిచేస్తుంది. సబ్బు జోలికి పోకండి, చేపలకి ప్రమాదం. ఎయిర్ స్టోన్‌ని (బుడగలు వదిలే రాయిని) ఒక మూలకి జరిపితే ఇకమీదట ఆ మూలే పాడవుతుంది.

తర్వాతది పక్కలకి పోయే వెలుగు. పాత ట్యూబ్‌లైటు చుట్టూరా వెలుగుతుంది కాబట్టి పైన రిఫ్లెక్టర్ లేకపోతే సగం వెలుగు పైకప్పుకే. ఎల్‌ఈడీ బ్యాటెన్ (పొడవాటి పట్టీ లైటు) కిందికే వెలిగినా విశాలంగా పరుచుకుంటుంది. అడుగు ఎత్తున వేలాడదీస్తే గోడకీ మన కళ్ళకీ పంచినట్టే, కాబట్టి అద్దానికి రెండు మూడు అంగుళాల్లో ఉంచండి. హుడ్ (లైటు మీది కప్పు) లోపల తెల్ల పెయింటు చాలు. నలిపిన వంటింటి ఫాయిల్ అంటించే అలవాటు నాకు నచ్చదు, తేమకి ఊడి వేలాడుతుంది.

ఇక లెక్క. 24 × 12 × 12 అంగుళాల తొట్టెలో గులకరాళ్ళు, పైన వదిలే ఖాళీ పోను దాదాపు 50 లీటర్ల నీళ్ళు. అనుబియాస్, జావా ఫెర్న్ లాంటి ఓపికైన మొక్కలకి లీటరుకి 20 ల్యూమెన్లు (వెలుగు కొలత) చాలు, అంటే మొత్తం 1000. రెండడుగుల 10 వాట్ల బ్యాటెన్ దాదాపు అంతే ఇస్తుంది. వాట్లు కాదు, డబ్బా మీద ల్యూమెన్లు చదవండి. రంగు 6500 కెల్విన్ (పగటి వెలుగులాంటి తెలుపు) ఉంటే చాలు. లీటరుకి 40 దాటితే కార్బన్ డయాక్సైడ్ కూడా ఇవ్వాలి, లేకపోతే ఆ వెలుగంతా పాచి తినేస్తుంది.

కొత్త తొట్టెకి రోజూ ఆరు గంటలు లైటు చాలు, మొక్కలు కుదురుకున్నాక ఎనిమిది. చక్రం తిరిగే టైమర్‌కి ఒక చిక్కుంది: కాలబైశాఖి గాలివానకి గంటసేపు కరెంటు పోతే అదీ గంట వెనకబడుతుంది. నాలుగు రోజులు వరసగా పోతే అర్ధరాత్రిదాకా లైటు వెలుగుతుంది, పాచి ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాదు. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ కొనండి.

కిటికీ ఎండ ఉచితమే అయినా అదుపులో ఉండదు. వేసవిలో నీళ్ళు వేడెక్కుతాయి, అద్దం పచ్చబడుతుంది.

నీళ్ళు టీ రంగులో ఉన్నా వెలుగు తగ్గుతుంది; దానికి కారణం సాధారణంగా తొట్టెలో పెట్టిన కొత్త చెక్కమొద్దు. వారానికోసారి పావువంతు నీళ్ళు మార్చండి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (రంగు పీల్చే బొగ్గు) వేయండి. నీటిమీద తేలే చిట్టి ఆకుల మొక్క పైభాగమంతా కమ్మేస్తే సగం చేత్తో తీసేయండి.

లైటు తీగ ప్లగ్గుకి వెళ్ళేముందు సాకెట్ కన్నా కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళాలి. తీగ వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, సాకెట్లోకి పోదు.